ఇనుపదారి మీది కొయ్యవంతెనలు

వంతెన యనగానే మనకు నది స్ఫురించును. రాజమహేంద్రవరము వద్ద 1900 సంవత్సరమున తెరచి, 1997 వరకు రైళ్ళను మోసిన హేవలాకు వంతెనను గూర్చి ఆ యూరివారు తమ యింటి పెద్దను గూర్చి చెప్పినట్లు చెప్పుకొందురు. నదిపై వంతెనకు పేరుండును, ప్రారంభోత్సవ ముండును, శిలాఫలక ముండును. కాని నీటిచుక్క లేనిచోట, రెండు గట్ల నడుమ రైలుపట్టాలు మాత్రమే యున్నచోట, బండ్లను, పశువులను, బడిపిల్లలను ఆవలికి దాటించుటకై కట్టిన చిన్న కొయ్యవంతెన యొకటి కలదు. ఇంగ్లండులోను, అంతకంటె మిక్కుటముగ అమెరికాలోను ఇట్టివి ఒకప్పుడు విరివిగ నుండెను. వీనిలో చాలవానికి పేరు లేదు. రైలుసంస్థ దస్త్రములలో మైలుసంఖ్య మాత్రమే కలదు. పేరు లేనిదానిని మరచుట సులభము. అందుచేతనే వీని చరిత్రను కొంచెము నిలిచి చూడవలసి యున్నది.

రైలుబాట కంటె మట్టిబాట పాతది. ఏ దేశమునందైనను రైలు వచ్చునప్పటికే సంతకు పోవు దారులు, పొలమునకు పోవు దారులు ఉండనే యున్నవి. రైలుబాట వానిని అడ్డముగ కోసికొని పోవలెను. ఆ కూడలివద్ద మూడే ఉపాయములు. రెండు దారులను ఒకే మట్టమున దాటించి గేటు పెట్టుట మొదటిది. గేటువద్ద ఎండలో నిలిచి గూడ్సుబండి పెట్టెలను లెక్కపెట్టిన మన పాఠకులకు దానిని వర్ణింప నక్కరలేదు. బండిదారిని పట్టాల క్రిందుగ పోనిచ్చుట రెండవది. పైగా దాటించుట మూడవది. రైలుబండి గట్టి వాలును ఎక్కలేదు గనుక, గుట్ట యెదురైనచోట నేలను లోతుగ తొలిచి దారి చేయుదురు. రైలువారు దానిని కట్టింగు అందురు. కట్టింగు ఉన్నచోట పైనుండి దాటించుటయే సహజము. ఒడ్డునుండి ఒడ్డునకు దూలములు పరచిన చాలును.

ఆ వంతెన నెవరు కట్టవలెను? బ్రిటిషు పార్లమెంటు 1845లో చేసిన రైలు శాసనము దీనికి స్పష్టమైన సమాధాన మిచ్చినది. పాతబాటను అడ్డగించిన రైలుసంస్థయే వంతెన కట్టవలెను, దానిని ఎల్లకాలము బాగుచేయుచుండవలెను. అమెరికాలోను పలు రాష్ట్రములలో ఇంచుమించుగ ఇదే నియమ ముండెను. అనగా, దారి ఊరిది, వంతెన రైలుసంస్థది. ఈ రెండు చేతుల యాజమాన్యమే ఆ వంతెనల పుట్టుకకు, రూపమునకు, కడకు నాశమునకు సయితము కారణమైనదని నాకు తోచుచున్నది.

మొదట ఇంగ్లండు సంగతి. లండను నుండి బ్రిస్టలునకు పోవు గ్రేట్ వెస్టర్న్ రైలుబాటను నిర్మించిన ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్, రెడింగు పట్టణ సమీపమున సోనింగు వద్ద సుమారు రెండు మైళ్ళ పొడవున, కొన్నిచోట్ల అరువది అడుగుల లోతున కట్టింగు త్రవ్వించెను. 1840లో రెడింగు వరకు రైళ్ళు నడచినవి. ఆ కట్టింగుపై ఒకచోట మూడు కమానుల ఇటుకవంతెనను, మరియొకచోట కొయ్యవంతెనను కట్టిరి. జె. సి. బోర్న్ అను చిత్రకారుడు 1846లో ఆ రైలుమార్గమును గూర్చి వెలువరించిన చిత్రగ్రంథమున ఈ కొయ్యవంతెన కనబడును. 1890 తరువాత అచ్చట రెండు జతల పట్టాలను నాలుగు చేయుటకై కట్టింగును వెడల్పు చేసినప్పుడు అది పోయినది. ఇటుకవంతెన నేటికిని నిలిచి యున్నది; కొయ్యవంతెనను చూడవలెనన్నచో బోర్న్ చిత్రమే శరణ్యము.

అమెరికాలో ఈ వంతెనలకు తగిన నేల దక్షిణ కరోలినా రాష్ట్రమునందలి ఐకెన్ పట్టణము. చార్లెస్టను రేవునుండి హాంబర్గు వరకు 136 మైళ్ళ రైలుబాట 1833లో పూర్తియైనది. ఆనాటికి లోకములో అంత పొడవైన రైలుబాట వేరొకటి లేదు. ఐకెన్ వద్ద గుట్టదిగుడు మిక్కిలి వాలుగ నుండుటచే, అచ్చట ఒక ఆవిరియంత్రమును స్థిరముగ నిలిపి, త్రాటితో పెట్టెలను పైకి లాగుచు, క్రిందికి దించుచు నుండిరి. ఆ అవస్థ తీరుటకై 1852లో కట్టింగు త్రవ్విరి. పట్టణమును అంతకు ముందే, 1834లో, రైలుసంస్థ ఇంజనీర్లు విశాలమైన వీథులతో రూపొందించి యుండిరి. వీథులు ముందు, కట్టింగు తరువాత. అందుచే ఊరినడుమ లోతుదారి, దానిమీద వీథి వీథికి ఒక వంతెన. చెట్లనీడలో, ఎఱ్ఱమట్టి గట్లనడుమ, తారునూనెతో నల్లబడిన కొయ్యకాళ్ళపై నిలిచిన ఆ వంతెనలు ఐకెన్ పట్టణమునకు గుర్తులైనవి.

ఇనుము, ఇటుక, రాయి దొరకుచుండగా కొయ్య యేల? బీదతనమని పలువురు తలతురు. అది సగము మాట మాత్రమే. అమెరికాలో అడవి చేరువ, ఇనుము ప్రియము, నిజమే. కాని పందొమ్మిదవ శతాబ్ది చివర ఉక్కు చవుకయైన పిదపకూడ కొందరు ఇంజనీర్లు పట్టాలమీద కొయ్యనే కోరిరి. దానికి హేతువు పొగ. బొగ్గు కాల్చు ఇంజను గొట్టమునుండి వెలువడు పొగలో గంధకపు వాయువులుండును. అవి ఆవిరితో కలిసి, వంతెన అడుగున నున్న ఇనుమును రోజుకు పలుమార్లు తాకి తినివేయును. కొయ్యకు ఆ బాధ అంతగా లేదు. తుప్పు పట్టిన దూలము లోలోపల నెంత సన్నబడినదో తెలియుట కష్టము. కొయ్యనైతే వడ్రంగి సుత్తితో కొట్టి, ఆ ధ్వనినిబట్టి గుల్లయో గట్టియో చెప్పగలడు. మరియు రైలుసంస్థకు తన వడ్రంగుల బలగము, తన కొయ్యల నిలువ ఎల్లప్పుడు ఉండెను. స్లీపర్లు తెచ్చినచోటినుండియే వంతెన కొయ్యలును వచ్చును. ఉక్కుదూలము చెడినచో కార్ఖానాకు వ్రాయవలెను. కొయ్యకాలు చెడినచో నలుగురు మనుష్యులు ఒక పూటలో మార్చెదరు. బోస్టన్ అండ్ మెయిన్ రైలుసంస్థకు వంతెనల ఇంజనీరుగ నుండిన జోనథన్ పార్కర్ స్నో ఉక్కుయుగమున కొయ్యపక్షము వహించినవారిలో ముఖ్యుడు. తమ సంస్థ కొయ్యవంతెనల నిర్మాణమును గూర్చి 1895లో ఒక వ్యాసమే ప్రకటించెను. ఆ సంస్థ ఇరువదవ శతాబ్ది వచ్చిన పిదపకూడ క్రొత్త కొయ్యవంతెనలు కట్టుచునే యుండెను.

కొయ్యకు శత్రువులు రెండు: నిప్పు, చెమ్మ. ఇంజను నిప్పురవ్వలకు అడ్డముగ వంతెన అడుగున పలకలో రేకులో కొట్టిరి. చెమ్మకు మందు క్రియోసోటు. బొగ్గుతారునుండి తీయు ఈ నూనెను ఒత్తిడితో కొయ్యలోనికి ఎక్కించు పద్ధతికి ఇంగ్లండులో జాన్ బెథెల్ 1838లో పేటెంటు పొందెను. మన స్టేషన్లలో పాత స్లీపర్ల ప్రక్కగ నడచినవారికి, ఎండలో వానినుండి వచ్చు ఆ ఘాటైన వాసన జ్ఞప్తియందుండును. అదే వాసన ఈ వంతెనలది.

ఇక వీనిని గుర్తించు విధము. అన్నియు ఒక్క తీరువి కావు. అతి సామాన్యమైనది కాళ్ళమీది వంతెన. నాలుగైదు కొయ్యకాళ్ళు వరుసగ నిలిపి, పైన తలదూలమును, ఇరుప్రక్కల గుణకారపు గుర్తువలె అడ్డపట్టెలను బిగింతురు. ఇట్టి వరుసల మీద పొడుగు దూలములు, వానిపై మందపు పలకలు. కాళ్ళు గుండ్రని మ్రానులైనచో నేలలోనికి దిగగొట్టినవి. చదరపువైనచో అడుగుదూలముపై నిలిపినవి. పట్టాలకు ఇరుప్రక్కల చోటు చాలనప్పుడు నడుమ కాళ్ళు పెట్టరాదు. అప్పుడు వంతెన తన్ను తానే మోసికొనవలెను. మన పెంకుటింటి కప్పు క్రింద నిలిచి చూచినవారికి దీని కిటుకు వెంటనే తెలియును. అడ్డదూలము, దాని నడుమ నిలువుకొయ్య, రెండు చివరలనుండి ఏటవాలుగ వచ్చి నిలువుకొయ్య తలను పట్టుకొను రెండు కొయ్యలు. చూపునకు ఆ నిలువుకొయ్య బరువును మోయుచున్నట్లుండును. నిజమునకు అది పైనుండి వ్రేలాడుచు దూలమునే పైకి పట్టుచుండును. ఇది ఒంటి నిలువు వంతెన. నిలువుకొయ్యలు రెండై, వాని తలలనడుమ అడ్డకొయ్య యున్నచో జంట నిలువు వంతెన.

ఇంకను పొడవు కావలసినచోట విలియం హౌ పద్ధతి. మసాచుసెట్సు రాష్ట్రవాసియైన ఈయన 1840లో పేటెంటు పొందిన చట్రములో ఏటవాలు కొయ్యలు నొక్కుడును భరించును, నిలువుగ నున్న ఇనుపకడ్డీలు లాగుడును భరించును. కడ్డీల చివర మరలున్నవి. కొయ్య ఎండి వదులైనప్పుడు వానిని బిగించిన చాలును. కొయ్యచట్రములో నిలువున ఇనుపకడ్డీలు కనబడినచో అది హౌ వంతెన యని తలపవచ్చును. ఈ పద్ధతినే అమాసా స్టోన్ అను హౌ గారి బావమరది పూర్తిగ ఇనుముతో అనుకరించి, ఒహాయో రాష్ట్రమున ఆష్టబ్యులా వద్ద రైలువంతెన కట్టించెను. అది 1876 డిసెంబరు 29వ తేదీ రాత్రి మంచుతుఫానులో రైలుతో సహా కూలి, సుమారు 92 మంది మరణించిరి. అది నదిపై వంతెన. మన విషయమునకు కొంచెము దూరము. కాని ఇనుము పేరు చెప్పినంతమాత్రమున ధైర్యపడరాదని ఆ తరము ఇంజనీర్లకు నేర్పినది అదియే. కొయ్యకు తగిన రూపము ఇనుమునకు తగునన్న నమ్మకము లేదు.

ఈ వంతెనలు మంచివని మాత్రమే చెప్పినచో చరిత్ర కాజాలదు. ఇవి మనుష్యులను చంపినవి కూడ. గాలిబ్రేకులు సర్వత్ర వ్యాపించుటకు ముందు గూడ్సుబండిని ఆపవలెనన్నచో, బ్రేకుమనిషి కదలుచున్న పెట్టెల కప్పులపై నడచుచు, ఒక్కొక్క పెట్టె చక్రమును చేతితో త్రిప్పి బిగింపవలెను. పెట్టె కప్పు పట్టాలనుండి సుమారు పండ్రెండడుగుల ఎత్తు. దానిపై ఆరడుగుల మనిషి. పదునెనిమిది అడుగుల వంతెన యైనను అతని తలకు రాసికొనునంత; అంతకు తక్కువైనది అతనికి మృత్యువు. రాత్రివేళ, వానలో, వెనుకకు తిరిగి నడచుచున్నవానికి వంతెన వచ్చుచున్నదని యెవరు చెప్పుదురు? అందులకై వంతెనకు కొంతదూరమున అడ్డకొయ్య నొకదానిని ఎత్తున నిలిపి, దానినుండి త్రాళ్ళను వరుసగ వ్రేలాడదీసిరి. ఆ త్రాళ్ళు వీపునకో మొగమునకో తగిలిన తక్షణమే బ్రేకుమనిషి కప్పుపై బోర్ల పరుండవలెను. వానికి టెల్‌టేల్ అని పేరు. కొండెములు చెప్పునవి యని అర్థము. ఇట్టి కొండెము ఎంతమంది ప్రాణములు కాచినదో! వెస్టింగ్‌హౌస్ గాలిబ్రేకు 1869లోనే వచ్చినను, రైళ్ళకు గాలిబ్రేకులు, తమంతట తగులుకొను కొక్కెములు ఉండి తీరవలెనని అమెరికా కాంగ్రెసు శాసించినది 1893లో. నడుమ గడచిన కాలమంతయు త్రాళ్ళదే. వంతెన పోయిన పిదప కూడ కొన్నిచోట్ల ఆ అడ్డకొయ్య నిలిచి యుండును. పాతవంతెన జాడ వెదకువారికి అది మంచి ఆనవాలు.

వంతెనల సంఖ్య పెరుగుటకు మరియొక కారణము గేటులవద్ద జరిగిన ప్రాణనష్టము. మసాచుసెట్సు రాష్ట్రము 1890లో ఒక శాసనము చేసి, ఒకే మట్టపు కూడళ్ళను తొలగించుటకు వ్యయమును పంచినది. నూటికి అరువదియైదు వంతులు రైలుసంస్థ, మిగిలినది రాష్ట్రమును ఊరును. ఊరి వాటా పదికి మించరాదు. తరువాత 1935లో అమెరికా కేంద్రప్రభుత్వము నిరుద్యోగ నివారణ నిధులనుండి 20 కోట్ల డాలర్లు ఇట్టి కూడళ్ళ తొలగింపునకే ప్రత్యేకించినది. కాని అప్పటికి మోటారు యుగము వచ్చినది. ఆ ధనముతో కట్టినవి అధికభాగము ఉక్కువి, కాంక్రీటువి.

కొయ్యవంతెనలు క్షీణించిన క్రమము ఆసక్తికరమైనది. గుఱ్ఱపుబండికి తగిన వంతెనపై లారీలు వచ్చినవి. 1960 ప్రాంతమునకు అమెరికా ప్రధానమార్గములలో ఆవిరి ఇంజనులు అంతరించినవి; పొగ పోయినది; పొగతో పాటు కొయ్యకు గల మేలును పోయినది. 1967 డిసెంబరు 15న ఒహాయో నదిపై సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది మరణించిన తరువాత, దేశమందలి రహదారి వంతెనల నన్నింటిని నియమముగ పరీక్షించు పద్ధతి ఏర్పడినది. పరీక్షకులు వచ్చి చూచి, మూడు టన్నులనియో ఆరు టన్నులనియో పలక తగిలించి పోయిరి. బడిబస్సు చుట్టు తిరిగి పోవలసి వచ్చినది. ఇంతలో రైలుసంస్థలే చితికినవి. బోస్టన్ అండ్ మెయిన్, పెన్ సెంట్రల్ సంస్థలు రెండును 1970లోనే దివాలా తీసినవి. వంతెన నెవరు బాగుచేయవలెను? ఊరు రైలుసంస్థను చూపును, రైలుసంస్థ రాష్ట్రమును చూపును. ఇద్దరత్తల నడుమ కోడలి గతి. వాదము తెగులోపల పలకలు కుళ్ళి, వంతెనకు అడ్డముగ కంచె వచ్చును. కడపటి దెబ్బ పైనుండి కాదు, క్రిందినుండి తగిలినది. పెట్టెమీద పెట్టె పేర్చిన సరకురైళ్ళు 1984నుండి క్రమముగ నడువసాగినవి. వాని ఎత్తు ఇరువది అడుగుల రెండంగుళములు. పాతవంతెనలు చాలవరకు అంతకు పొట్టివి.

మంటలార్పు బండి దాటజాలని వంతెనను, అందముగ నున్నది గనుక అట్లే యుంచుడని ఆ వీథివారికి చెప్పుట న్యాయము కాదు. వంతెన ఆవల ఇల్లు తగులబడునప్పుడు చరిత్ర నీళ్ళు పోయదు. ఐకెన్‌లో ఫెయిర్‌ఫీల్డ్ వీథి మీది కొయ్యవంతెనను ఇటీవలి సంవత్సరములలో తొలగించి క్రొత్తది కట్టుట ఇట్టి అవసరముచేతనే. కాని తొలగించుటకు ముందు కొలిచి, బొమ్మ గీచి, ఛాయాచిత్రము తీసి యుంచుట వేరుసంగతి. దానికి అభ్యంతర మేమి? కప్పుగల కొయ్యవంతెనలకు అమెరికాలో భక్తులు ఎందరో కలరు. వానికి సంఘములున్నవి, సంఖ్యలున్నవి, 1998 నుండి కేంద్రనిధి సయితము ఏర్పడినది. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున కాంటూకుక్ వద్ద 1889 నాటి కప్పుగల రైలువంతెనను కంటికి రెప్పవలె కాచుచున్నారు. కప్పు లేని మన పొట్టివంతెనకు ఆ భాగ్యము లేదు. 1969లో ఏర్పడిన చారిత్రక ఇంజనీరింగు నిర్మాణముల నమోదుశాఖ కొన్నింటిని కొలిచి చిత్రించినది. అంతియే. బండి దాటునప్పుడు వదులుపలకలు వరుసగ చేయు ఆ ఉఱుమువంటి చప్పుడును ఏ రేడియో వారైనను పట్టి దాచి యుండిరా యని నాకు సందేహము.

ఒక చిక్కు కలదు. కొయ్యవంతెన వయస్సును ఎట్లు లెక్కించుట? దారి 1850 నాటిది కావచ్చును, చట్రపు రూపము 1900 నాటిది, కాళ్ళు 1930లో మార్చినవి, పలకలు నిన్న మొన్నటివి. తాతలనాటి యింట వాసములు మార్చినను, పెంకులు మార్చినను దానిని మనము తాతల యిల్లే యందుము. వంతెనను కూడ అట్లే చూచుట న్యాయమని నా మతము. అయినను ఏ కొయ్య ఎప్పటిదో తెలిసిన మంచిదే. బోల్టు తల చదరమా, ఆరుపలకలా? చదరమైనచో పాతదని ఊహింపవచ్చును. అంతకంటె నమ్మదగినది సంవత్సరపు మేకు. శుద్ధిచేసిన కొయ్య ఎన్నేండ్లు మన్నునో తెలిసికొనుటకై అమెరికా రైలుసంస్థలు స్లీపర్లకును, వంతెన కొయ్యలకును చిన్నమేకు నొకదానిని కొట్టెడివి. దాని తలపై సంవత్సరపు చివరి రెండంకెలు ఉండును. 27 అని యున్నచో 1927. ఈ పద్ధతిని ఆ దేశమున ప్రచారము చేసినవారిలో ప్రథముడు ఆక్టేవ్ చాన్యూట్. కాన్సస్ నగరమువద్ద మిసోరి నదిపై 1869లో వంతెన కట్టిన ఇంజనీ రాయన. కొయ్యలను శుద్ధిచేయు పరిశ్రమను నడపెను. వార్ధకమున ఆకాశయానముపై మనసుపడి, 1896లో మిచిగాన్ సరస్సు తీరమున ఎగిరిన తన రెండంతస్తుల రెక్కల గ్లైడరునకు రైలువంతెన చట్రపు బిగింపునే వాడెను. రైట్ సోదరులకు ఆయన సలహాదారు. రైలువంతెన వడ్రంగము విమానము రెక్కలలోనికి ప్రవేశించినదన్నచో అతిశయోక్తి కాదు.

దస్త్రములలో వెదకదలచినవారికి గొప్ప గని 1913 నాటి రైలు ఆస్తుల మూల్యనిర్ణయ శాసనము. దానిననుసరించి ప్రభుత్వోద్యోగులు దేశమందలి రైలుమార్గములను నడచి, వంతెన వంతెనకు కొయ్య కొలతలు వ్రాసికొనిరి. ఆ పటములు, పుస్తకములు అమెరికా జాతీయ పత్రభాండాగారమున భద్రముగ నున్నవి. పట్టణములలోనైతే అగ్నిభీమా కొరకు శాన్‌బోర్న్ సంస్థ గీచిన పటములు అక్కరకు వచ్చును. వానిలో కొయ్యకట్టడమునకు పసుపు, ఇటుకకట్టడమునకు గులాబి రంగు.

వంతెనను విప్పునప్పుడు కొయ్యలు పోయినను మేకులు మిగులును. వానిని ఏరి దాచువారు నేడును కలరు. కాని అంకె సంవత్సరమును చెప్పునే గాని చోటును చెప్పదు. అందుచే తెలిసిన సేకర్తలు ఒక్కొక్క మేకునకు దారముతో చీటీ కట్టి, దానిపై ఊరిపేరు, వీథిపేరు, మైలుసంఖ్య వ్రాసి యుంచుదురు.